గీత దాటాక దణ్ణం

వరహాలక్ష్మి గారు కబడ్డీ చూసేటప్పుడు కూతకెళ్లినవాణ్ణి అంతగా పట్టించుకోరు. వాడు తిరిగొచ్చాక ఏం చేస్తాడో చూస్తారు. పాయింటు తెచ్చినవాడు చప్పట్ల కోసం ఎటు తిరిగాడు, అవుటైనవాడు బయటికి నడుస్తూ ఎవరి మీద కళ్లెర్రజేశాడు, ఆట అయ్యాక మ్యాట్ ముక్కలు పేర్చమంటే ఎవరు ముందు వంగారు, ఎవరు షూ లేసు కట్టుకుంటున్నట్టు నటించారు. ఇవన్నీ ఆవిడ రెండువందల పేజీల రూళ్ల నోటుబుక్కులోకి ఎక్కుతాయి. మార్కులు ఆఖర్న వేస్తారు.

నర్సీపట్నంలో ఆవిణ్ణి తెలియని వీధి లేదు. ముప్పై ఆరేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేసి, నిరుడు అరవై రెండో ఏట రిటైరయ్యారు. ఊరికి ఇప్పటికీ పీఈటీ మేడమే. ఆవిడ దగ్గర ఆట నేర్చుకున్న ఒకమ్మాయి ఇప్పుడు పాయకరావుపేట దగ్గర హైవే మీద ఎస్సై టోపీ పెట్టుకుని ట్రాఫిక్ ఆపుతుంది. మేడమ్ కిటికీ పక్కన కనబడితే ఆ బస్సును ముందు పంపించేస్తుంది. బస్సులోవాళ్లు ఎందుకో తెలియక సంతోషపడతారు.

పుట్టింది పక్కనే, బలిఘట్టంలో. వరహా నది ఎండిన నెలల్లో ఇసకలో గీత గీసి అన్నలు ఆడుతుంటే, మనిషి తక్కువైన రోజున ఈవిణ్ణి మూలన నిలబెట్టేవారు. ఆ మూల నుంచే మడమ పట్టు నేర్చుకున్నారు. యూనివర్సిటీ జట్టుకి నాలుగేళ్లు ఎడమ కార్నర్ ఆడారు. ఆవిడ పట్టుకున్న కాలు విడిపించుకున్న రైడరు లేడని అప్పటివాళ్లు చెబుతారు. ఆవిణ్ణి అడిగితే ఇద్దరున్నారని పేర్లతో సహా చెబుతారు.

రిటైరైన నెలలోనే రమణబాబు ఇంటికొచ్చాడు. అతను వైజాగ్ వేవ్స్ అనే ప్రొఫెషనల్ కబడ్డీ జట్టుకు మేనేజరు. లీగ్ వాళ్లు ఏటా ఊరూరా వెతికి కొత్త కుర్రాళ్ల జాబితా తయారు చేస్తారు. జట్లు వంతులవారీగా అందులోంచి ఒక్కొక్కరినీ తీసుకుంటాయి. దాన్ని డ్రాఫ్టు అంటారు. తీసుకోవడంతో పని అయిపోదు. తీసుకున్న ఆరుగురినీ పదిరోజుల శిబిరంలో దగ్గర పెట్టుకుని చూసి, నలుగురిని ఉంచుకుని ఇద్దరిని వెనక్కి పంపాలి. శిబిరం నర్సీపట్నం ఇండోర్ హాల్లో. ఆ చూసే పని మేడమ్ చెయ్యాలని అతని కోరిక.

"మగపిల్లల జట్టుకి నేనేటి చూస్తాను?" అన్నారట ఆవిడ.

"మీరు చూసేది కాళ్లు కదండీ. కాళ్లలో ఆడా మగా ఏటుంది?" అన్నాడట రమణబాబు.

మొదటి ఏడాది ఆవిడ ఒక కుర్రాడికి పదికి తొమ్మిది వేశారు. లీగ్‌లో మూడో మ్యాచ్‌కే వాడి ఎడమ మోకాలు పోయింది. శిబిరంలో పదిరోజులూ వాడు ఎడమ కాలు మీదే దూకాడు, కుడి కాలు దాచుకున్నాడు. ఆ సంగతి ఆవిడ నోటుబుక్కులో మూడుచోట్ల రాసుంది. రాసి కూడా మార్కు తగ్గించలేదు. ఆ పేజీ మూల మడిచి ఉంచారు. ఈ ఏడాది శిబిరం మొదలైన రోజు రమణబాబు మర్యాదగానే చెప్పాడు. "మేడమ్, ఈసారి మీ మాటతోపాటు లెక్కలు కూడా చూద్దామండి. వాసు అని కుర్రాణ్ణి పెట్టాం. వీడియో తీస్తాడు, కంప్యూటరు చెబుతుంది."

"మంచిదే. నా కళ్లజోడు నంబరు కూడా మారింది" అన్నారు ఆవిడ.

ఈ ఏడాది ఆరుగురిలో ఆఖర్న ఎంపికైనవాడు గోవింద్. రావికమతం మండలంలో, రోడ్డు మీద బస్సు దిగి చెరుకు తోటల మధ్య రెండు కిలోమీటర్లు నడవాల్సిన ఊరు. పద్దెనిమిదేళ్లు. నడుము పైన పీలగా ఉంటాడు. నడుము కింద అంతా కాళ్లే. ఒంటికాలి మీద వెనక్కి వాలి రెండో కాలు చాపితే, ఎదుటివాడు సురక్షితంగా ఉన్నాననుకున్నచోట బొటనవేలు తగులుతుంది. అలా కాలివేలు తగిలించి పారిపోవడం వచ్చిన రైడరు జట్టుకి ఒక్కడుంటే చాలు. మొదటి రోజే మేడమ్ వాడి పేరు కింద గీత గీశారు.

నాలుగో రోజు మధ్యాహ్నం వాసు ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. వాసుది వైజాగ్. ఇరవై ఆరేళ్లు. మాట నెమ్మది, వేళ్లు వేగం.

"గోవింద్‌ని పంపించేద్దామంటోంది మేడమ్."

"ఎవరు?"

"లెక్క. తోటి కుర్రాళ్ల మీద ఇరవై రెండుసార్లు కూతకెళ్తే పదిహేడుసార్లు పాయింటు తెచ్చాడు. శిబిరానికొచ్చిన మన జట్టు సీనియర్ల మీద పంతొమ్మిదిసార్లు వెళ్తే నాలుగే. కాలు తగిలిస్తున్నాడు, కానీ తగిలించిన చోటే ఆగిపోతున్నాడు. అర సెకను. వాళ్లు పట్టేస్తున్నారు." వాసు తాను నింపిన ఫారం చూపించాడు. బలహీనతలు అన్న గడిలో 'సీనియర్లంటే భయం. ఒత్తిడిలో బిగుసుకుపోతాడు' అని ఉంది.

రమణబాబు కూడా అక్కడే ఉన్నాడు. "లీగ్‌లో అందరూ సీనియర్లేనండి. భయపడేవాడితో నేనేం చేసుకోను?"

జట్టు వదిలేసిన కుర్రాడు మళ్లీ డ్రాఫ్టుకు రావాలంటే మూడేళ్లు ఆగాలి. అది లీగ్ నిబంధన. మూడేళ్లు చెరుకు కొట్టి, బరువెక్కి, ఇరవై ఒకటో ఏట ఆ కాళ్లు ఇలా ఉండవు. ఆ సంగతి హాల్లో అందరికంటే బాగా తెలిసింది మేడమ్‌కే.

"వచ్చే శనివారం ఆఖరి మ్యాచ్ దాకా ఆగండి" అన్నారు. రమణబాబు కాదనలేదు, అవుననలేదు. పోయినేటి తొమ్మిది మార్కులు ఇద్దరికీ గుర్తున్నాయి.

మర్నాడు ఆవిడ వాసు పక్కన కుర్చీ వేసుకుని వీడియోలు చూడ్డం మొదలెట్టారు. గోవింద్ దొరికిపోయినవి మాత్రమే. మూడోసారి చూస్తూ అడిగారు. "కుర్రాళ్ల మీద అయిదుసార్లు దొరికాడన్నావు. ఎవరెవరికి?"

వాసు వెతికాడు. "అయిదూ చినబాబుకేనండి."

చినబాబు కూడా ఆ ఆరుగురిలో ఒకడు. ఇరవై రెండేళ్లు, పెళ్లైంది. ఆటలో మాత్రం అందరికంటే నెమ్మది. వాణ్ణి చూసి భయపడేవాడు ఆ హాల్లో లేడు.

"గోవింద్ చినబాబుని ఏటని పిలుస్తాడు?"

"అన్నయ్యా అంటాడు. మిగతావాళ్లని ఒరే అంటాడు." వాసుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"ఆ నాలుగు పాయింట్లు సీనియర్ల మీద ఎలా తెచ్చాడో చూపించు."

నాలుగూ చేత్తో తాకి తెచ్చినవే. కాలితో తెచ్చింది ఒక్కటీ లేదు.

"ఇప్పుడు దొరికిపోయింది ఒకటి పెట్టి, మెల్లగా తిప్పు. కాలు చూడకు. కుడి చెయ్యి చూడు."

తెర మీద గోవింద్ కూత పెడుతూ వెళ్లాడు. ఎదురుగా సింగన్న. జట్టులో అందరికంటే పాతవాడు, పాడేరు మన్యం నుంచి వచ్చినవాడు, లీగ్‌లో ఎడమ కార్నర్ అంటే మొదట వినబడే పేరు. గోవింద్ వెనక్కి వాలాడు, కాలు చాపాడు. షూ కొన సింగన్న పిక్కకి తగిలింది. అక్కడ, పారిపోవాల్సిన క్షణంలో, వాడి కుడి చెయ్యి ముందుకెళ్లింది. సింగన్న వైపు చాచి, తాకకుండానే వెనక్కొచ్చి, రెప్పల దాకా వెళ్లబోయింది. అంతలో సింగన్న నడుం పట్టేశాడు.

వాసు వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. ఇంకోటి చూశాడు. మొత్తం పదిహేనులో పదిహేనింటా ఆ చెయ్యి ఉంది.

"మేడమ్, వీడు దణ్ణం పెడుతున్నాడు."

"పెద్దవాళ్లకి కాలు తగిలింది కదా మరి" అన్నారు వరహాలక్ష్మి గారు. "నువ్వు బస్సులో ఎవరికైనా కాలు తగిలితే ఏటి చేస్తావు?"

వాసు తన కుడి చేతి వైపు చూసుకున్నాడు.

కాలు తగిలితే కళ్లకద్దుకోవడం మన ఇళ్లలో అందరికీ అలవాటే. కబడ్డీ ఆడేవాళ్లకి మాత్రం పదేళ్లు నిండేలోపే మైదానంలో అది పోతుంది. వీడికెందుకు పోలేదన్నది ప్రశ్న. ఆదివారం శిబిరానికి సెలవు. మేడమ్ పొద్దున్నే బస్సెక్కి గోవింద్ ఊరు వెళ్లారు, వాడికి చెప్పకుండా.

ఊళ్లో కుర్రాళ్లు తక్కువ. చదువుకునేవాళ్లు హాస్టళ్లలో, పనిచేసేవాళ్లు అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో. తీర్థాల్లో, అంటే ఊరి జాతరల్లో, కబడ్డీ పోటీలకెళ్లే ఆ ఊరి జట్టు అంతా నలభై దగ్గర పడ్డవాళ్లు. కెప్టెను సోములు, గోవింద్‌కి మేనమామ. కళ్లం పక్కన గీత గీసి ఆడుతున్నారు. మేడమ్ చెరుకు బండి నీడలో కూర్చుని అరగంట చూశారు. జట్టులో వయసులో చిన్నవాడు కూతకెళ్లి చిన్నాన్న వరసైనవాడికి కాలు తగిలించాడు. వెంటనే ఒంగి కళ్లకద్దుకున్నాడు. అంతసేపూ చిన్నాన్న, చుట్టూ ఉన్న నలుగురూ పట్టుకోకుండా ఆగారు. దణ్ణం అయిపోయింది. అప్పుడు అందరూ మీద పడ్డారు. ఎవరూ ఆలోచించి చేసింది కాదు. ఆ రెప్పపాటు ఆ ఊరి ఆటలో ఒక భాగం.

సోములు గుర్తుపట్టి పరుగున వచ్చాడు. "మేడమ్ గోరు! ఇలగొచ్చీసినారేటండి? మావోడేటైనా తప్పు సేసినాడా?"

"తప్పేటీ నేదు. మీ ఊళ్లో దణ్ణం పెట్టినోణ్ణి పట్టుకోరా?"

"పెద్దోలికి కాలు తగిల్తే పెట్టాల కదండి. పెట్టినంతసేపు ఎలగ పట్టుకుంటామండి, పాపం కదా? పెట్టినాక పట్టుకుంటాం." సోములు నవ్వాడు. "గోయిందు పదో ఏటి నుంచి మాతోనే ఆడినాడండి. ఆడికి మేమందరం మావయ్యలం, సిన్నాన్నలం. ఒరే అనడానికి ఒక్కడు నేడు."

"బైట ఊరి పోటీల్లోనో?"

"ఆడ మేం ఓడిపోతాం లెండి" అన్నాడు సోములు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

కారణం దొరికింది. సరిచెయ్యడం మాత్రం ఆవిడ అనుకున్నంత తేలిక కాలేదు. సోమవారం పొద్దున్న గోవింద్‌ని పిలిచి వీడియో చూపించారు. వాడికి తన చెయ్యి సంగతి తెలియనే తెలియదు. తెర మీద చూసి చెవులు ఎర్రబడ్డాయి.

"నానే ఇలగ సేత్తన్నానాండి?"

"నువ్వే. సీనియర్లంటే భయం అని రాశారు నీ మీద."

"భయమేటండి? సింగన్న అన్నంటే నాకిష్టవండి. షూ కాలు కూడానండి, తప్పు కదండి."

"ఆటలో తప్పు నేదు. మానెయ్."

మానెయ్యమంటే వాడు మానేశాడు. దణ్ణం కాదు, కాలు. ఆ పూట ఎనిమిదిసార్లు సీనియర్ల మీదకెళ్లి ఒక్కసారీ కాలు చాపలేదు. చేతులు ఊపి, వట్టి కూత పెట్టి తిరిగొచ్చాడు. వాసు లెక్కలో సున్నా పడింది. రమణబాబు తలుపు దగ్గర నిలబడి చూసి, ఫోను చెవిన పెట్టుకుని వెళ్లిపోయాడు. శనివారానికి ఇంకా అయిదు రోజులు.

మధ్యాహ్నం మేడమ్ ఇంటికి భోజనానికి వెళ్లారు. భర్త నారాయణమూర్తి గారు తపాలా శాఖలో చేసి రిటైరైన మనిషి. ఏ సంగతైనా ఉత్తరంలా పూర్తిగా వింటారు, మధ్యలో మాట్లాడరు. అంతా విని ఒక్క ముక్క అన్నారు. "ఆణ్ణి దణ్ణం పెట్టనియ్యవే. ఎప్పుడు పెట్టాలో సెప్పు."

మేడమ్ మజ్జిగన్నం సగంలో వదిలేసి లేచారు.

"బేగి రా. రాత్రికి ఉలవచారు" అని వెనకనుంచి కేక వినబడింది.

హాల్లో ఎవరూ ఊహించనిది జరిగింది. వరహాలక్ష్మి గారు ట్రాక్ ప్యాంటు మీద పిక్కల దాకా సాక్సు లాగి, కళ్లజోడు తీసి వాసుకిచ్చి, మ్యాట్ మీద ఎడమ మూలన నిలబడ్డారు. నలభై ఏళ్ల కింద యూనివర్సిటీకి ఆడిన మూల.

"గోవిందూ, ఇలా రా. కూతకి రా."

"ఎవరి మీదకండి?"

"నా మీదకి. ఈ హాల్లో నాకంటే పెద్దవాళ్లు నేరు. నన్ను తన్ను."

గోవింద్ కదల్లేదు. సింగన్న ముందుకొచ్చాడు. "మేడమ్, నా మీద సెయ్యనివ్వండి. మీకెందుకండి ఈ వయసులో?"

"నిన్ను ఆడు మ్యాచ్‌లో తన్నాలి. ముందు నన్ను తంతే అలవాటవుతాది. నువ్వు పక్కకెళ్లి నిలబడు."

సింగన్న పక్కకెళ్లాడు గానీ, "మా ఊళ్లో కూడా ఇలాగే పెట్టేవోళ్లం మేడమ్" అన్నాడు. "నాకూ ఉండేది. ఎప్పుడు పోయిందో గుర్తు నేదు."

గోవింద్ కూత పెట్టాడు. మేడమ్‌కి బారెడు దూరంలో ఆగి, కాలు చాపినట్టు చాపి వెనక్కి తీశాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ అంతే. పదిసార్లు అలా అయ్యాక ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకున్నారు.

"మీ మావయ్య నలభై ఏళ్లొచ్చినా తీర్థాల్లో కూతకెళ్తన్నాడు. నువ్వు ముసల్దాని దగ్గరకి రావడానికి పంచాంగం చూస్తన్నావేటిరా? కాలా అది, అప్పు తెచ్చుకున్నావా?"

కుర్రాళ్లు నవ్వారు. చినబాబు, "తమ్ముడూ, మేడమ్ తిట్టడం మొదలెడితే మా ఇంట్లోనే నయం అనిపిస్తాది. తన్నెయ్‌రా" అన్నాడు.

పన్నెండోసారి షూ కొన మేడమ్ మోకాలి కింద తగిలింది. చెయ్యి వెంటనే ముందుకొచ్చింది. చేతికి కళ్లు దొరికేలోపే ఆవిడ వంగి వాడి చీలమండ రెండు చేతుల్తో బిగించారు. గోవింద్ విడిపించుకోబోయి మ్యాట్ మీద బోర్లా పడ్డాడు. అరవై మూడో ఏట కూడా ఆ పట్టు విడలేదు.

"అవుట్" అన్నారు ఆవిడ ఒగర్చుకుంటూ. "ఇప్పుడు విను. దణ్ణం మానమని నేను చెప్పను. మీ ఇంట్లో నేర్పింది మంచిదే. కానీ దణ్ణం నడిగీతకి అవతల పెట్టు. నీ వైపుకెళ్లాక, ఊపిరి తీసుకుని, నిండుగా పెట్టు. ఇక్కడ పెడితే అర దణ్ణమే అవుతాది. అర దణ్ణం ఎవడికి కావాల?"

ఆ మాట వాడికి ఎక్కింది. తప్పు చెయ్యమనడం లేదు, ఆలస్యం చెయ్యమంటున్నారు. ఆ సాయంత్రం నలభైసార్లు, మంగళవారం యాభై, బుధవారం యాభై. మొదట్లో చెయ్యి లేచేది, మేడమ్ పట్టేసేవారు. తర్వాత వాడే ఒక కిటుకు కనిపెట్టుకున్నాడు. కాలు చాపేముందు కుడి పిడికిలి బిగించేవాడు. గీత దాటాక విప్పేవాడు. విప్పి, మేడమ్ వైపు తిరిగి, ఒంగి, కళ్లకద్దుకునేవాడు. ప్రతిసారీ. ఒక్కటీ ఎగ్గొట్టలేదు. గురువారం సాయంత్రం ముప్పైసార్లలో ఇరవై ఆరుసార్లు గీత దాటాడని వాసు చెప్పాడు. దణ్ణాలు ముప్పై అని కూడా చెప్పాడు. ఆ లెక్క ఎవరూ అడగలేదు.

శుక్రవారం విశ్రాంతి. మేడమ్ మెట్లెక్కేటప్పుడు కమ్మీ పట్టుకోవడం నారాయణమూర్తి గారు చూశారు గానీ అడగలేదు.

శనివారం ఆఖరి మ్యాచ్‌కి హాలు నిండింది. సోములు ఊరి జట్టంతా ఆటోలో వచ్చింది. ఒకవైపు ఆరుగురు కుర్రాళ్లు, తోడుగా ఒక సీనియర్. రెండోవైపు సింగన్న, అతని మనుషులు. మార్కులు వేసేవాళ్లు ఆటగాళ్లతో మాట్లాడకూడదు. మేడమ్ బల్ల వెనక కూర్చున్నారు. పక్కన రమణబాబు, ముందు ఆరు ఫారాలు. అయిదు నిండాయి. గోవింద్‌ది సగం ఖాళీ.

మూడో నిమిషంలో గోవింద్ మొదటిసారి కూతకెళ్లాడు. నేరుగా సింగన్న మీదకే. కాలు తగిలింది. కానీ పిడికిలి బిగించడం మరిచిపోయాడు. చెయ్యి సగం దాకా లేచింది, సింగన్న పట్టేశాడు. అవుటై బయటికి నడుస్తూ గోవింద్ బల్ల వైపు చూశాడు. మేడమ్ ముఖంలో ఏమీ లేదు. రమణబాబు ఫారం దగ్గరికి జరుపుకున్నాడు, పెన్ను మూత తీశాడు. రాయలేదు.

ఇరవయ్యో నిమిషం దాకా వాడికి మళ్లీ కాలు చాపే అవకాశం రాలేదు. అప్పుడు కుర్రాళ్ల జట్టు వరసగా రెండు కూతల్లో ఉత్తచేతుల్తో తిరిగొచ్చింది. మూడోది కూడా ఖాళీగా వస్తే వెళ్లినవాడు అవుట్. కుర్రాళ్లలో ఎవరూ ముందుకి రాలేదు. గోవింద్ వచ్చాడు.

గీత దాటి, ఎడమకి రెండడుగులు వేసి, అక్కడున్న ఇద్దరినీ చేతులూపి ఆడించాడు. సింగన్న తన మూలలో కాచుకునున్నాడు. గోవింద్ కుడి పిడికిలి బిగుసుకుంది. మేడమ్‌కి అది దూరం నుంచి కనబడింది. కళ్లజోడు కొత్తది. కాలు చాపాడు. సింగన్న మోకాలి పక్కన షూ కొన తగిలింది. వెనక్కి దూకాడు. ఇద్దరు నడుం మీద పడ్డారు. ముగ్గురూ కలిసి పడ్డారు. పడినచోటు నుంచి ఆ పొడుగాటి ఒళ్లు పూర్తిగా చాపాడు. ఎడమ చేతి వేళ్లు నడిగీతకి బెత్తెడు అవతల పడ్డాయి. విజిలు.

సింగన్న, మీద పడ్డ ఇద్దరూ అవుట్. మూడు పాయింట్లు.

సోములు ఊరి జట్టు లేచి అరుస్తుంటే, గోవింద్ తన వైపు లేచి నిలబడ్డాడు. దుమ్ము దులుపుకోలేదు. పిడికిలి విప్పాడు. సింగన్న వైపు తిరిగి, నడుం వంచి, చెయ్యి చాపి, రెండు కళ్లకీ అద్దుకున్నాడు. నిండుగా. తనను పట్టుకోబోయిన మిగతా ఇద్దరికీ కూడా పెట్టాడు, వాళ్లకి కాలు తగిలి ఉంటుందన్న అనుమానంతో.

అవుటై బయటికి నడుస్తున్న సింగన్న ఆగాడు. చెయ్యెత్తి, "సల్లగుండు నాయనా" అన్నాడు. "మల్లీ రా, ఇరిసేస్తాను."

హాలు నవ్వింది. గోవింద్ మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాత సీనియర్ల మీద కాలు అయిదుసార్లు వాడాడు. నాలుగుసార్లు గీత దాటాడు. కుర్రాళ్ల జట్టు ఓడిపోయింది, రెండు పాయింట్ల తేడాతో. అది ఎవరూ పట్టించుకోలేదు.

రమణబాబు ఫారం మేడమ్ ముందుకి జరిపాడు. "నాకు దణ్ణాలొద్దు మేడమ్, పాయింట్లు కావాలి. రేపు లీగ్‌లో పాతికవేల మంది ముందు ఇలా ఒంగుతూ ఉంటే ఏం బావుంటుంది?"

"పాయింటు తెచ్చి ఇచ్చాకే కదా ఒంగుతున్నాడు. మీకేటి నష్టం?"

రమణబాబు పెన్ను ఆవిడ చేతికిచ్చాడు.

మేడమ్ వాసు రాసినది ఒక గీతతో కొట్టేశారు. బలహీనతలు అన్న గడిలో తన చేతిరాతతో రాశారు: 'పెద్దవాళ్లకి కాలు తగిలితే దణ్ణం పెడతాడు. గీత దాటాక పెట్టడం నేర్చుకున్నాడు. పదిలో ఒకసారి ఇంకా మరిచిపోతాడు.' మార్కు దగ్గర ఎనిమిది వేశారు. రమణబాబు అది చదివి, "తొమ్మిది వేస్తారనుకున్నాను" అన్నాడు.

"తొమ్మిది పోయినేడు వేసేశాను" అన్నారు ఆవిడ.

అతను జాబితాలో నాలుగో పేరు రాశాడు. గోవింద్.

బయట మెట్ల మీద సోములు మేనల్లుణ్ణి పట్టుకుని ఉన్నాడు. సంతోషంతో అనుకుని దగ్గరికెళ్తే, తిడుతున్నాడు. శిబిరంలో ఏం జరిగిందో చినబాబు అప్పుడే చెప్పాడు.

"మేడమ్ గోర్ని తన్నినావంటరా? నూటడెబ్బైసార్లు? ఒల్లు తెలీదేటి నీకు? మీ అమ్మకేటని సెప్పమంటావు?" మేడమ్‌ని చూసి గిరుక్కున తిరిగాడు. "తప్పైపోనాది మేడమ్ గోరు. సిన్నోడు, తెలీదు."

గోవింద్ తల వంచుకుని నిలబడ్డాడు. వాడి చెయ్యి అప్పటికే ముందుకి లేస్తోంది.

"ఆపు. నువ్వు పెట్టాల్సినవన్నీ పెట్టేశావు" అన్నారు మేడమ్. నారాయణమూర్తి గారు స్కూటీ తీసుకుని గేటు దగ్గర ఆగి ఉన్నారు. ఆయన కూడా చూసేలా ఆవిడ ట్రాక్ ప్యాంటు కుడి కాలు మోకాలి దాకా పైకి లాగారు. మోకాలి కింద నుంచి చీలమండ దాకా కమిలిపోయింది. నీలం, ఆకుపచ్చ, పసుపు, ఏ రోజు దెబ్బకి ఆ రోజు రంగు.

"సోములూ, దగ్గరకొచ్చి చూడు. ఈ రంగులు నేకపోతే నీ మేనల్లుడు మీతోనే ఇంటికొచ్చేసుండును."

సోములు చూశాడు. ఊరి జట్టంతా ఒకరి వెనక ఒకరు వంగి చూశారు. నారాయణమూర్తి గారు స్కూటీ స్టాండు వేసి వచ్చి, ఆయన కూడా వంగి చూశారు.

"బాగా తన్నాడు" అన్నారు.

"కదా!" అన్నారు వరహాలక్ష్మి గారు. ఇంకాసేపు ప్యాంటు దించలేదు.